పదకొండు బకెట్ల మ్యూజియం

ఓబెడ్ తాతకు ఒక్కటే పిచ్చి. మ్యూజియంలో వస్తువు కనిపిస్తే ఆయనకు కాళ్ళు నిలవవు. దాన్ని ఎవరింటికో ఒకరింటికి పంపించేదాకా ఊరుకోడు.

ఇది మ్యూజియం మీద పగ పట్టిన మనిషి సంగతి కాదు. పద్ధెనిమిదేళ్ళుగా ఆ మ్యూజియాన్ని చూసుకుంటున్న మనిషి సంగతే. మా ఊరు స్పిండిల్ హార్బర్‌లో రేవు చివర పాత ఉప్పు గోదాముకు ఎర్ర రంగు వేసి, చరిత్ర సంఘం వాళ్ళు దాన్ని మ్యూజియం చేశారు. ఊళ్ళో అటకల మీద ఉన్నవన్నీ కిందికి దిగి అక్కడికి చేరాయి. నలభయ్యేళ్ళు చేపల ఓడల్లో వంట చేసి ఒడ్డెక్కిన ఓబెడ్ వెంట్జెల్ చేతికి తాళంచెవి ఇచ్చారు. అప్పటినుంచి వస్తువులు ఒక్కొక్కటే గుమ్మం దాటి వెళ్ళిపోవడం మొదలైంది. ఇచ్చినవాళ్ళ ఇంటికి కాదు. వేరే ఇంటికి.

లోపలికి వెళ్తే కనిపించేవి మూడు రకాలు. ఖాళీ అరలు. అరల మీద ఆయన చేత్తో రాసిన అట్టముక్కలు. అరల కింద బకెట్లు. అట్టముక్క మీద ఇలా ఉంటుంది:

"చైనా నుంచి వచ్చిన కెప్టెన్‌గారి టీపాట్ ఇక్కడ లేదు. ఈ అర మీద పైకప్పు కారుతోంది. అందుకని అది ప్రస్తుతం వాటర్ స్ట్రీట్‌లో లియోటా టానర్ ఇంట్లో ఉంది. వెళ్ళి చూడండి. పెరటి గుమ్మం వైపు నుంచి వెళ్ళాలి. ముందు తలుపు కొడితే ఎవరో పోయారనుకుని భయపడుతుంది."

ఆ చివరి మాట నిజమే. మా ఊళ్ళో ముందు తలుపు పాస్టరుకీ, పోలీసుకీ, శవపేటికకీ. మిగతా వాళ్ళంతా పెరటివైపు నుంచి తిన్నగా వంటింట్లోకే వస్తారు, తలుపు కూడా కొట్టరు.

ఎంతో దూరం నుంచి కారేసుకుని వచ్చినవాళ్ళు ఒక్క క్షణం నోరు తెరిచి నిలబడేవారు. టొరంటో నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరుగారు మూల ఉన్న బకెట్ ముందు గొంతుక్కూర్చుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, చాలాసేపు పరిశీలించాడు.

"ఇది ఏ కాలం నాటిదండీ?"

"మంగళవారం నాటిది," అన్నాడు ఓబెడ్ తాత.

ప్రొఫెసరు రాసుకుంటున్న పెన్ను ఆపాడు.

"పాత దానికి చిల్లు పడిందండీ. మీరు చూడాల్సింది దిక్సూచి. అది మిల్లు రోడ్డులో ఒక ముసలావిడ ఇంట్లో ఉంది. నడిచి వెళ్ళండి. కారు చప్పుడు వింటే ఆవిడ ఇంకో ఊరి వాళ్ళనుకుని దాక్కుంటుంది."

"నేను ఇంకో ఊరి వాణ్ణే కదా."

"నడిచి వెళ్తే ఆ సంగతి తెలీదుగా!"

ఇలా ఒక మ్యూజియం చూడాలంటే ఊరంతా తిరగాలి. తిరిగి వచ్చేసరికి ప్రొఫెసరు జేబుల్లో ఏడు బిస్కెట్లు, చంకలో ఊరగాయ చేపల సీసా ఉన్నాయి. దిక్సూచి గురించి ఆయన రాసుకున్నది ఒక్క ముక్కే. ఆవిడ మోకాలి నొప్పి గురించి రెండు పేజీలు.

లియోటా ఆంటీ టీపాట్‌ను చూపించే పద్ధతి వేరు. "ఖాళీది చూస్తారా, నిండుది చూస్తారా?" అని అడిగేది. ఖాళీది చూస్తామన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. నూట ముప్ఫయ్యేళ్ళ టీపాట్‌లో టీ కాచి పోస్తూ, దాని మూతకు పగులు ఎలా వచ్చిందో చెప్పేది. కెప్టెన్ పెళ్ళాం కెప్టెన్ మీదికి విసిరిందట. మొదటి ఏడాది ఒకసారే విసిరింది. ఇప్పుడు మూడుసార్లు విసురుతోంది.

అందరికంటే కష్టం డార్సీ నాస్‌తో వచ్చింది. డార్సీ పెద్ద చేపల ఓడలో ఇంజన్ చూసినవాడు. రిటైరై కొండచరియ మీది ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఆయనకు పొగమంచు బూర ఇచ్చాడు ఓబెడ్ తాత. పొగమంచులో దారి కనబడని పడవలను హెచ్చరించడానికి, చేత్తో పిడి తిప్పితే ఎద్దు రంకె వేసినట్టు మోగే పెట్టె అది. వచ్చినవాళ్ళందరికీ డార్సీ దాన్ని తిప్పి వినిపించేవాడు. ఒకరోజు ఎండ ఫెళ్ళున కాస్తోంది, సముద్రం అద్దంలా ఉంది. ఒహాయో నుంచి ఒకే కుటుంబం వాళ్ళు ఎనిమిది మంది ఒక బండిలో దిగారు. డార్సీ ఎనిమిదిసార్లు తిప్పాడు. రేవులోకి వస్తున్న మూడు పడవలు ఆ చప్పుడు విని, అలవాటు కొద్దీ ఇంజన్ తగ్గించేశాయి. ఆకాశం నీలంగా ఉంది. అయినా చెవి చెప్పిందే నమ్మి, ముగ్గురు పడవవాళ్ళూ కళ్ళు చిట్లించి ముందుకు వంగి, ఎండలో తడుముకుంటూ గంటసేపటికి ఒడ్డు చేరారు.

"నీకు బుద్ధుందా డార్సీ? ఎండలో పొగమంచు బూర ఊదుతావా?"

"మీకు కళ్ళు లేవా? ఎండ కనబడలేదా?"

"బూర మోగితే మా అయ్య కూడా ఎండ నమ్మేవాడు కాదు!"

ఆ వారమంతా కొట్టులో ఇదే మాట. డార్సీని తిట్టడానికి కొండెక్కి వెళ్ళినవాళ్ళు కూడా ఆయనింట్లో కూర్చుని టీ తాగి, పిడి ఒకసారి తామూ తిప్పి చూసి వచ్చారు.

నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నేను రెండు మాటలు అనాల్సివస్తే ఒకటి మింగేసే మనిషిని. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకు ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతే బడి మానేశాను. అమ్మకు మాట పోలేదు. మాటకేం, బాగానే ఉంది. వినడానికి నేనొక్కదాన్నే ఉండేదాన్ని. నేను వింటున్నట్టు అమ్మకు నమ్మకం కలిగేది కాదు. అలా ఐదేళ్ళు గడిచాయి.

ఒక మే నెలలో ఓబెడ్ తాత ఒంటి చక్రం బండి తోసుకుంటూ మా పెరట్లోకి వచ్చాడు. బండిలో ఓడ గంట ఉంది.

"మర్లా, అమ్మాయ్, ఈ గంట మీద పైకప్పు కారుతోంది."

నేను గంటకేసి చూశాను. ఇత్తడి గంట. యాభయ్యేళ్ళు సముద్రం మీద తడిసింది. ఇంకో నాలుగు చుక్కలు పడితే దానికేమవుతుంది అని అడగాలనుకున్నాను. మింగేశాను.

"రెండు వారాలు ఉంచు తల్లీ, చాలు."

రెండు వారాలు రెండేళ్ళయ్యాయి. మూడో రోజు పొద్దున్నే ముసలి మొగుడూ పెళ్ళాం వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో అట్టముక్క నుంచి రాసుకున్న చీటీ. నేను ఏమీ అనకుండా వేలితో గంట చూపించాను.

"ఒకసారి కొట్టవచ్చా?" అని అడిగాడాయన, చాలా మెల్లగా.

నేను తల అడ్డంగా ఊపాలో నిలువుగా ఊపాలో తేల్చుకునేలోపే పక్క గదిలోంచి అమ్మ గొంతు వచ్చింది. "కొట్టమనవే! గంట ఉన్నది కొట్టడానికేగా! కొట్టి ఇటు రమ్మను, అది మునిగిపోయిన ఓడది, ఆ కథ చెబుతాను!"

అమ్మ ఆ ఓడను ఎన్నడూ చూడలేదు. అయినా నెల తిరిగేసరికి దాన్ని మూడు రకాలుగా ముంచింది.

వేసవి చివర ఓబెడ్ తాత మళ్ళీ వచ్చాడు. "రేపట్నుంచి మ్యూజియంలో దుమ్ము దులపడానికి రా అమ్మాయ్."

"అక్కడ దులపడానికి ఏముంది తాతా?"

ఆయనతో నేను అన్న మొదటి పూర్తి వాక్యం అది. ఆయన టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. "అదీ! ఈ మాట సంఘం వాళ్ళు పదహారేళ్ళ నుంచి అడుగుతున్నారు, ఇంత చక్కగా ఎవరూ అడగలేదు!"

అమ్మే నన్ను తరిమింది. "వెళ్ళవే. నువ్వు మూలన నిలబడి చూస్తుంటే వచ్చినవాళ్ళు మొహమాటపడుతున్నారు."

మ్యూజియంలో నా పని ఖాళీ అరలు తుడవడం, సాయంత్రం బకెట్లు ఒంపడం. పదకొండు బకెట్లు. కొన్ని నిండుగా, కొన్ని సగం, తలుపు వెనకదానిలో అడుగు తడిసేంత. పైకప్పు ఇంత అన్యాయంగా కారుతుంటే సంఘం వాళ్ళు ఎందుకు బాగుచేయించరా అని నేను లోలోపల కోప్పడేదాన్ని కూడా.

ఆ మరుసటి జూలైలో ఒకరోజు నాకు త్వరగా తెలివొచ్చింది. వేళకంటే గంట ముందే వెళ్ళాను. వాన పడి పదకొండు రోజులైంది. ఊళ్ళో బావుల్లో నీళ్ళు తగ్గాయని కొట్టులో చెప్పుకుంటున్నారు. మ్యూజియం తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు.

ఓబెడ్ తాత ఓడలో వాడిన పెద్ద కెటిల్ పట్టుకుని ఒక్కో బకెట్‌లో నీళ్ళు పోస్తున్నాడు. పోసి, రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూస్తున్నాడు, కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అని చూసినట్టు. "ఈ మూల మరీ ఎక్కువైంది," అని తనలో తాను అనుకుని, గరిటతో రెండుసార్లు తీసేశాడు. తలుపు వెనక బకెట్‌కి మాత్రం చెంచాతో పోశాడు. మూడు చెంచాలు.

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. రేవు గోడ మీద కూర్చుని, వేళయ్యాక గట్టిగా దగ్గుతూ లోపలికి వెళ్ళాను.

"చూశావా అమ్మాయ్, ఎలా కారిందో," అన్నాడు.

"అవును తాతా," అన్నాను.

ఎందుకలా చేస్తున్నాడో నాకు తెలీలేదు. అడగడం నాకు చేతకాదు. పొద్దున ఆయన నింపడం, సాయంత్రం నేను ఒంపడం. ఆ మ్యూజియంలో ఒక్కరోజు కూడా తప్పకుండా జరిగే పని అదే.

ఆ నెలాఖరులోనే మిసెస్ క్రీజర్ వచ్చింది. చరిత్ర సంఘానికి ఆవిడ కొత్త అధ్యక్షురాలు. చేపల ఫ్యాక్టరీ మేనేజరుగారి భార్య. ఆయన పోయి నాలుగేళ్ళయింది. కొండ మీద తెల్ల ఇల్లు ఆవిడది. చేతికి తొడుగులు, చేతిలో జాబితా. ఆవిడ వచ్చి గుమ్మం దగ్గరున్న చెక్క ఆంటీ ముందు నిలబడింది. చెక్క ఆంటీ అంటే, పాత ఓడ ముక్కున బిగించే నిలువెత్తు ఆడబొమ్మ. గడ్డం పైకెత్తి ఎవరికేసీ చూడకుండా దూరంగా చూస్తుంటుంది. మిసెస్ క్రీజర్ కూడా గడ్డం పైకెత్తింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే మధ్యలో అద్దం ఉందేమో అనిపించింది.

"మిస్టర్ వెంట్జెల్, ఈ జాబితాలో రెండు వందల పన్నెండు వస్తువులున్నాయి. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?"

"అన్నీ ఉన్నాయండీ."

"ఎక్కడ?"

"ఊళ్ళో."

"నేను ఈ గది గురించి అడుగుతున్నాను."

ఓబెడ్ తాత చుట్టూ చూశాడు, లెక్కపెట్టాల్సినన్ని ఉన్నట్టు. "రెండండీ. ఈవిడా, ఆ లంగరూ."

"ఆ లంగరు ఎందుకుంది మరి?"

"ఎత్తలేకపోయానండీ."

మిసెస్ క్రీజర్ జాబితా మడిచింది. "పైకప్పు కారుతోందనే కదా ఇదంతా. సరే. లాయిడ్ టానర్‌ను పంపిస్తాను. పైకెక్కి చూసి బాగుచేస్తాడు. శనివారం మధ్యాహ్నం సమావేశం పెడుతున్నాను. పైకప్పు బాగవగానే ప్రతి వస్తువూ తిరిగి ఇక్కడికి రావాలి. అద్దాల బీరువాలు చేయిస్తాను. తాళాలు వేయిస్తాను. ఇక ఒక్క చెంచా కూడా బయటికి పోకూడదు."

ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది. లియోటా ఆంటీ టీపాట్‌ను శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆరు కప్పులు కొన్నానే మర్లా! ఒక్కదాన్ని ఆరు కప్పులు ఏం చేసుకోను?" డార్సీ నాస్ కొండ దిగి మ్యూజియం దాకా వచ్చాడు. ఆ మనిషి ఊళ్ళోకి దిగడం నేను చూడ్డం అదే మొదలు.

"బూర తీసుకుపోతారా ఓబెడ్?"

"చూద్దాంలే."

"పిడికి నూనె వేశాను. మొన్ననే..." అని ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "మొన్ననే రెండో కుర్చీ తెచ్చుకున్నాను," అన్నాడు.

ఇంటికి వెళ్ళాక నేను గంటకేసి చాలాసేపు చూశాను. అమ్మ కూడా చూస్తోంది.

లాయిడ్ టానర్ లియోటా ఆంటీ కొడుకు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క వడ్రంగి. పెళ్ళాం పిల్లలతో ఊరికి ఆ చివర ఉంటాడు. గురువారం నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కాడు. ఒక గంట అటూ ఇటూ నడిచాడు. దిగాడు. బకెట్‌కేసి చూశాడు. ఆకాశంకేసి చూశాడు. ఓబెడ్ తాతకేసి చూశాడు. ఓబెడ్ తాత చెక్క ఆంటీకేసి చూస్తున్నాడు.

"శనివారం చెబుతాను," అని నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయాడు లాయిడ్.

శుక్రవారం మధ్యాహ్నం మిసెస్ క్రీజర్ రిజిస్టరు పంపమని కబురు చేసింది. ఏ వస్తువు ఎవరింట్లో ఉందో రాసే పుస్తకం అది. తీసుకెళ్ళింది నేనే. దారిలో రాయి మీద కూర్చుని తెరిచాను. తెరవకూడదని తెలుసు. నాలుగు గడులున్నాయి. వస్తువు. ఎవరు. తేదీ. నాలుగో దానికి పైన "గడ్డి" అని రాసి ఉంది.

పొగమంచు బూర. డార్సీ నాస్. గడ్డి తొమ్మిది అంగుళాలు. టీపాట్. లియోటా టానర్. గడ్డి ఆరు. మా పేరు వెతికాను. గంట. మర్లా, వాళ్ళమ్మ. మే 9. గడ్డి పధ్నాలుగు. దాని పక్కనే చిన్న అక్షరాలతో: ఆగస్టు, ఐదు. అక్టోబరు, నేల కనిపిస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. గంట రాకముందు మా పెరటి మెట్ల దాకా గడ్డి పెరిగిపోయి ఉండేది. కోసేవాళ్ళు లేక కాదు, తొక్కేవాళ్ళు లేక. ఇప్పుడు అక్కడ గట్టిపడిన మట్టిదారి ఉంది. ఓబెడ్ తాత రోజూ సాయంత్రం ఇళ్ళ వెనకనుంచి నడుస్తాడు. మురుగు కాలవలు చూడ్డానికని ఊళ్ళో అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఓడలో వంట చేసినవాడికి ఎవరి పళ్ళెం ముట్టకుండా తిరిగొచ్చిందో ముందు తెలుస్తుంది అని ఆయన ఒకసారి అన్నాడు. అప్పుడు అది వంట గురించి అనుకున్నాను.

పుస్తకం మూసి కొండెక్కాను.

మిసెస్ క్రీజర్ ఇంటి చుట్టూ గడ్డి అంతా ఒకే ఎత్తులో, దువ్వినట్టు ఉంది. ప్రతి శుక్రవారం పక్క ఊరి నుంచి మనిషి మిషనుతో వచ్చి కోస్తాడు. నేను అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళి పెరటి తలుపు తోశాను. కదల్లేదు. లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ముందుకి రా! అది తెరుచుకోదు!"

తలుపుకేసి దగ్గరగా చూశాను. తలుపుకూ చట్టానికీ మధ్య సందు లేదు. తెల్ల రంగు దాన్ని పూర్తిగా పూడ్చేసింది.

ముందు తలుపు తీసి ఆవిడే చెప్పింది. "రంగు వేసినవాళ్ళు మూసి ఉండగానే వేసిపోయారు. మూడేళ్ళయింది. నేనూ చూసుకోలేదు." కాస్త ఆగి, "తీయాల్సిన పని పడలేదు," అంది.

వంటింట్లో బల్ల చుట్టూ ఆరు కుర్చీలు. ఒక్కటే బయటికి లాగి ఉంది. ఆరబెట్టిన కప్పు ఒక్కటే. "టీ తాగుతావా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, "పని ఉందేమోలే, వెళ్ళు," అంది.

శనివారం గోదాము కిక్కిరిసింది. అరలు ఖాళీగా ఉన్నాయి కనక వాటి మీద కూడా కూర్చున్నారు. మిసెస్ క్రీజర్ లంగరు పక్కన బల్ల వేసుకుంది. ముందుగా రిజిస్టరు తెరిచింది.

"మిస్టర్ వెంట్జెల్, ఈ నాలుగో గడి ఏమిటి? గడ్డి ఏమిటి?"

ఓబెడ్ తాత చెవులు ఎర్రబడ్డాయి. "అది... వస్తువు దెబ్బతినకుండా కింద పరిచే గడ్డండీ."

"కుట్టుపని చేసేటప్పుడు వేలికి తొడుక్కునే తొడుగు ఒకటి ఇచ్చారు. దాని కింద ఎనిమిది అంగుళాల గడ్డి పరిచారా?"

"చాలా సున్నితమైన తొడుగండీ."

వెనక ఎవరో ఆపుకోలేక తుమ్మినట్టు నవ్వారు. మిసెస్ క్రీజర్ ఆ పేజీకేసి కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత పుస్తకం మూసేసింది. "సరే. అసలు సంగతి. పైకప్పు కారుతోందా, లేదా? ఈ గదిలో రోజంతా ఉండేవాళ్ళు చెప్పండి."

రోజంతా ఉండేవాళ్ళం ఇద్దరమే. ఓబెడ్ తాతను అడిగి లాభం లేదని ఆవిడకు తెలుసు. అందరూ నాకేసి తిరిగారు. డార్సీ నాస్ తన టోపీని రెండు చేతులతో నలుపుతున్నాడు. నేను లేచాను.

"రోజూ సాయంత్రం బకెట్లు నేనే ఒంపుతానండీ," అన్నాను. "నీళ్ళుంటాయి. పదకొండు బకెట్లలోనూ ఉంటాయి."

మొత్తం అనేశాను. ఒక్క మాట కూడా మింగలేదు.

"లాయిడ్?" అంది మిసెస్ క్రీజర్.

లాయిడ్ లేచి గొంతు సవరించుకున్నాడు. వాళ్ళమ్మ టీపాట్‌తో సహా ముందు వరసలో కూర్చుని ఉంది. "ఇరవయ్యేళ్ళుగా పైకప్పులు ఎక్కుతున్నానమ్మా. ఇలాంటిది చూడలేదు. బాగుచెయ్యడం నా వల్ల కాదు."

"ఎక్కడ కారుతోంది?"

"అక్కడ," అన్నాడు లాయిడ్, తూర్పు మూల చూపిస్తూ.

"అక్కడ కాదు, మెట్ల మీద," అంది లియోటా ఆంటీ.

"గుమ్మం దగ్గర! నా టోపీ తడిసింది!" అన్నాడు డార్సీ.

"నువ్వు మ్యూజియానికి వచ్చిందే మొన్న బుధవారం. ఆ రోజు వాన లేదు," అన్నారెవరో.

"అదే చెబుతున్నాను. వాన లేకుండానే తడిసింది. అంత ఘోరంగా ఉంది!"

ఇక ఒకరి తర్వాత ఒకరు లేచి చేతులు చూపించారు. ఆ చేతులన్నిటినీ నమ్మితే ఆ గోదాముకు అసలు పైకప్పే లేదు. మిసెస్ క్రీజర్ పెన్సిల్‌తో బల్ల మీద కొట్టింది.

"వాన పడి ఇరవై రోజులైంది. మరి ఈ నీళ్ళు ఎక్కడివి?"

ఓబెడ్ తాత నెమ్మదిగా లేచాడు.

"పాత పైకప్పండీ," అన్నాడు. "కాస్త నిదానం. జూన్ వాన ఇప్పుడే దిగుతోంది."

మిసెస్ క్రీజర్ ఆయనకేసి చూసింది. బకెట్లకేసి చూసింది. అరల మీద పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్న జనంకేసి చూసింది. ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు అని ప్రమాణం చెయ్యలేను.

"పైకప్పు సంగతి వసంతకాలం దాకా వాయిదా," అంది. "బీరువాలు కూడా." జాబితా తీసుకుని, తొడుగులు వేసుకుని, ఒక్కతే బయటికి నడిచింది. జనమంతా ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ రేవు వైపు వెళ్ళారు. ఆవిడ కొండ వైపు వెళ్ళింది.

అందరూ పోయాక నేను బకెట్లు ఒంపుతూ అడిగాను. "తాతా, మిసెస్ క్రీజర్‌గారి ఇంటికి గడ్డి ఎంత?"

ఆయన చీపురు ఆపాడు. "చదివావన్నమాట."

"చదివాను."

"ఆవిడకి గడ్డి లేదమ్మాయ్. ఎప్పుడు చూసినా నున్నగా ఉంటుంది. జనం తిరిగే ఇల్లు."

"అది మిషను కోసేది తాతా. పెరటి తలుపు రంగుతో అతుక్కుపోయింది. మూడేళ్ళయిందట."

ఓబెడ్ తాత ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. టోపీ తీశాడు. "మూడేళ్ళు! పద్ధెనిమిదేళ్ళుగా కొలుస్తున్నాను. మిషను సంగతి నాకు తట్టనేలేదు చూడు."

"నిజమే చెప్పి ఇవ్వొచ్చుగా తాతా, అందరికీ? ఈ నీళ్ళు మోసే బాధ ఎందుకు?"

"పైకప్పు కారుతోందంటే గంటకి సాయం చేసినట్టుంటుంది. ఇంకేం చెప్పినా మనిషికి సాయం చేసినట్టుంటుంది. నేను ఆ మాటంటే మీ అమ్మ పుచ్చుకునేదా? డార్సీ అయితే బూర నా నెత్తిన కొట్టేవాడు." తల పైకెత్తి చెక్క ఆంటీ పైన చూరుకేసి చూశాడు. "అమ్మాయ్, అక్కడ తడిగా కనిపించట్లేదూ?"

నేనూ చూశాను. అప్పడంలా పొడిగా ఉంది.

"కారుతోంది తాతా," అన్నాను.

సోమవారం లాయిడ్, ఇంకో ముగ్గురు కలిసి చెక్క ఆంటీని బండి మీద పడుకోబెట్టి కొండెక్కించారు. డార్సీ ముందు నడిచాడు, బూరతో సహా. మిసెస్ క్రీజర్ ముందు తలుపు తీసుకుని వచ్చింది.

"ఇదేమిటి?"

"పైకప్పండీ," అన్నాడు ఓబెడ్ తాత. "ఈవిడ మీద మొదలుపెట్టింది. పెద్ద ఇల్లు మీ ఒక్కరిదే. ఇంకెక్కడా పట్టదు."

ముందు తలుపులోంచి పట్టలేదు. వరండా మలుపులో చెక్క ఆంటీ ముక్కు తగిలింది. "పెరటివైపు నుంచి తిప్పాలి," అన్నాడు లాయిడ్, అసలు ఎదురుచూస్తున్నది దానికోసమే అన్నట్టు. జేబులో ఉలి సిద్ధంగా ఉంది. తలుపు చుట్టూ రంగు గీకుతుంటే మిసెస్ క్రీజర్ చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి నలుగురూ కలిసి ఒక్క తోపు తోస్తే తలుపు పెద్ద చప్పుడుతో తెరుచుకుంది. సముద్రపు గాలి తిన్నగా వంటింట్లోకి వచ్చింది.

"ఎన్నాళ్ళు ఉంటుంది?" అంది ఆవిడ.

"పైకప్పు బాగయ్యేదాకానండీ."

"ఎప్పుడు బాగవుతుంది లాయిడ్?"

"అది ఎవరూ చెప్పలేరమ్మా."

మగవాళ్ళు చెక్క ఆంటీని ఎక్కడ నిలబెట్టాలో వాదించుకుంటుంటే, మిసెస్ క్రీజర్ నా పక్కకు వచ్చింది. గొంతు తగ్గించింది. "నాకు గడ్డి ఎంత రాశాడు?"

"మీకు గడ్డి రాయలేదండీ," అన్నాను. "రంగు రాశాడు."

ఆవిడ తెరిచి ఉన్న తలుపుకేసి చూసి, "ఊఁ," అంది. తర్వాత, "టీ తాగుతావా?" అని అడిగింది. ఈసారి నా జవాబు కోసం ఆగింది.

అక్టోబరు వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున కొట్టులో మిసెస్ క్రీజర్ గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. "ఆ బొమ్మను చూడ్డానికి రోజుకు ఎంతమందండీ! ఒక్కరైనా కాళ్ళు తుడుచుకుంటారా? పెరటంతా తొక్కేశారు! మిషనువాడు కొయ్యడానికి గడ్డి లేదని వెనక్కి పోయాడు! నా వంటింటి నిండా బురద! రెండు చీపుళ్ళివ్వండి!" ఆ కోపంలో ఆవిడ పదేళ్ళు చిన్నదానిలా ఉంది.

నేను మ్యూజియానికి పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ఓబెడ్ తాత రిజిస్టరు నా ముందుకు తోశాడు. "నువ్వే రాయి అమ్మాయ్. నువ్వు కనిపెట్టిన ఇల్లు అది. నేను కనిపెట్టింది కాదు."

చెక్క ఆంటీ వరసలో, నాలుగో గడిలో, "రంగు" పక్కన రాశాను: అక్టోబరు 6, బురద. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, దాని కింద రెండు గీతలు గీశాడు.

బయట వాన దంచుతోంది. లోపల ఒక్క చుక్క కూడా పడలేదు. నేను కెటిల్ అందుకుని, చెక్క ఆంటీ ఉండే చోట పెట్టిన పన్నెండో బకెట్ నింపడానికి వెళ్ళాను.